కప్పు కన్నా గొప్పది

విత్తి, నీరు పెట్టిన పొలం కోతకు ముందే చేజారితే? అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ టోనీ డంజీకి అదే జరిగింది. 1996 నుండి ఆరేళ్లు శ్రమించి ఆయన నిలబెట్టిన టాంపా బే జట్టు 2002 జనవరిలో ఆయన్నే తొలగించింది. మరుసటి ఏడాదే వేరొక కోచ్ చేతికింద సూపర్ బౌల్ గెలిచింది. విశ్వాసియైన డంజీ కక్ష పెంచుకోక ఇండియానాపొలిస్ జట్టుతో మళ్లీ మొదలుపెట్టాడు. 2005 డిసెంబరులో 18 ఏళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. 2007 ఫిబ్రవరి 4న చికాగోను 29-17తో ఓడించి, సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి హెడ్ కోచ్ అయ్యాడు.

ఇది కన్నీళ్లకు దేవుడిచ్చిన కూలి అనుకుంటే పొరపాటే. ఆ కప్పు కొడుకును తిరిగివ్వలేదు కదా! పదవి పోయినా, గుండె పగిలినా మనసును చేదెక్కనివ్వని కృపే అసలు విజయం. ఆ కృప, ఏ కప్పూ గెలవని మనకూ ఉంది.