అటక మీది బూట్లు

ఖమ్మం నుంచి వరంగల్లు వెళ్లే దారిలో తిరుమలాయపాలెంలో దిగి, పత్తి చేల మధ్యగా కొంత దూరం నడిస్తే మా చిన్ననాటి స్నేహితురాలి ఇల్లు వస్తుంది. గత శీతాకాలంలో ఒక రాత్రి అక్కడ ఉన్నాము. పత్తి తీతలు ముగింపుకొచ్చిన రోజులవి. ముందు గదిలో సగం దాకా పత్తి పోసి ఉంది. ఆ తెల్లని గుట్టకు ఆనుకుని తొమ్మిదో తరగతి చదివే ఆ ఇంటి ఆడపిల్ల కూర్చుని ఉంది. సలాం చెప్పింది గానీ తల ఎత్తలేదు.

సంగతి రాత్రి భోజనాల వద్ద తెలిసింది. నాలుగు వందల మీటర్ల పరుగులో మండలంలో మొదటి స్థానం ఆ అమ్మాయిదే. జిల్లా పోటీలకు వెళ్తే ఎనిమిది మందిలో ఆరో స్థానం వచ్చింది. తిరిగి వచ్చిన రోజే బూట్లు గోనె సంచిలో చుట్టి అటక మీద పడేసింది. వారం నుంచి సరిగా తినడం లేదు. తండ్రి కోపిష్టి కాడు, అయినా, “ఓడిపోయి ఇట్లా కుమిలిపోయేటట్లయితే ఎందుకు పంపాలి? వచ్చే ఏడు పదో తరగతి. ఇక చాలు” అన్నాడు. దాదీమా మరో మాట కలిపింది: “పరుగులు పెట్టే పిల్లను రేపు ఎవరు చేసుకుంటారు?” మా స్నేహితురాలు ఏమీ అనకుండా మా వైపు చూసింది. పుస్తకాల గురించి రాసే వాళ్లకు ఇటువంటి చోట ఏం తోస్తుంది? ఒక కథే తోచింది.

అది జేసన్ రేనాల్డ్స్ అనే అమెరికా రచయిత 2016లో వెలువరించిన ‘ఘోస్ట్’ నవల. తెలుగులో దొరకదు కనుక ఇషా నమాజ్ అయ్యాక వరండాలో కూర్చుని మా మాటల్లో చెప్పుకుంటూ పోయాము. క్యాజిల్ అనే పేద నల్లజాతి కుర్రవాడు. తనకు తానే ఘోస్ట్ అని పేరు పెట్టుకున్నాడు. ఒక రాత్రి తండ్రి తుపాకీ తీసుకుని తల్లీకొడుకులను తరిమాడు. ఆ రాత్రే వాడికి తాను ఎంత వేగంగా పరుగెత్తగలడో తెలిసింది. తండ్రి జైలుకు పోయాడు. తల్లి ఆసుపత్రి వంటశాలలో కష్టపడుతుంది. టాక్సీ నడుపుకునే ఒక శిక్షకుడు వాడిని తన జట్టులోకి తీసుకుంటాడు. మంచి బూట్లు కొనే స్తోమత లేక వాడు దుకాణంలో వెండి రంగు బూట్లు దొంగిలిస్తాడు. బూట్లు అనే మాట వినగానే అమ్మాయి మొదటిసారి తల ఎత్తింది.

ఇక్కడ ఒక మాట. మన తెలుగులో పసిపిల్లలకు కథలు ఉన్నాయి, పెద్దలకు నవలలు ఉన్నాయి. చందమామ దాటిన పిల్ల, పెళ్లి కథల సీరియల్ దాకా రాని పిల్ల - ఆ మధ్యన ఉన్న నాలుగైదేళ్ల వయసుకు మనం ఇచ్చేది పాఠ్యపుస్తకమూ, లేకపోతే ఫోనూ. మైదానంలో ఓడి ఇంటికి వచ్చిన పద్నాలుగేళ్ల పిల్ల మనసులో ఏం జరుగుతుందో చెప్పే తెలుగు నవల ఒక్కటి చేతికి ఇద్దామంటే మాకు వెంటనే ఒక్క పేరూ తట్టలేదు. కథావస్తువుకు మాత్రం కొరత లేదు, అదీ మన గడప ముందే ఉంది.

గోదావరి ఒడ్డున భద్రాచలంలో 2005లో పుట్టిన గొంగడి త్రిషను చూడండి. కూతురి ఆట కోసం తండ్రి రామిరెడ్డి తన వ్యాయామశాల అమ్ముకుని కుటుంబాన్ని సికింద్రాబాద్‌కు మార్చారు. 2023 జనవరిలో మొదటిసారి జరిగిన అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆమె ఉంది. 2025లో మళ్లీ ఆడి, స్కాట్లాండ్‌పై 59 బంతుల్లో 110 పరుగులు చేసింది. ఆ పోటీల చరిత్రలో అదే మొదటి శతకం. మొత్తం 309 పరుగులు, 7 వికెట్లు. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి ఆమే. పత్రికలు ఈ అంకెలు రాశాయి. వ్యాయామశాల అమ్మిన రాత్రి ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో ఒక నవలే రాయగలదు.

నిజామాబాద్ నిఖత్ జరీన్ గురించి మన ఇళ్లలో తెలియని వారు ఉండరు. పదిహేనేళ్లు నిండకముందే, 2011లో తుర్కియేలోని అంతాల్యాలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. నిక్కరు వేసుకుని ఆడే ఆట ఆడపిల్లకెందుకని బంధువులు అన్న మాటలను తండ్రి జమీల్ అహ్మద్ తర్వాత పత్రికలకు చెప్పారు. 2017లో భుజం గాయపడి చాలా కాలం బరికి దూరమైంది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ విజేతగా నిలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మాత్రం చైనా క్రీడాకారిణి వు యు చేతిలో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడిపోయింది. ఇవన్నీ ఒకే మనిషి జీవితంలోవి. మనం గోడకు అతికించుకునేది 2022 ఫొటో ఒక్కటే.

దాదీమా మాటను మేము తోసిపుచ్చలేదు. ఒంటి నిండా బట్ట ఉండాలన్నది ఆ ఇంటి నియమం, మా నియమం కూడా. కానీ ఆ నియమానికీ మైదానానికీ ఒకప్పుడు ఉన్నంత వైరం ఇప్పుడు లేదు. ఫుట్‌బాల్ సమాఖ్య 2014లో, బాస్కెట్‌బాల్ సమాఖ్య 2017లో తలను కప్పుకునే వస్త్రానికి అనుమతి ఇచ్చాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఇబ్తిహాజ్ ముహమ్మద్ హిజాబ్‌తోనే కత్తిసాములో జట్టు కాంస్యం అందుకుంది. పొడుగు చేతుల చొక్కా, పొడుగు పైజామాతో పరుగెత్తవచ్చునని చెప్పితే దాదీమా కాసేపు ఆలోచించి, “ముందే చెప్పాలి కదా” అంది. ఎవరు చెప్పాలో మాత్రం చెప్పలేదు.

తండ్రికి మేము గుర్తు చేసింది వేరే విషయం. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసుకున్నారు. మొదట ఆమె గెలిచారు. కొంత కాలానికి ఆయన గెలిచి, దానికి ఇది చెల్లు అన్నారు. ఈ సంగతి చాలా మందికి తెలుసు. అజ్బా అనే ఒంటె సంగతి అంతగా చెప్పుకోము. అది దైవప్రవక్త (స) వారి ఒంటె. దానిని మించి పరుగెత్తిన ఒంటె లేదు. ఒకనాడు ఎక్కడి నుంచో ఒక పల్లెటూరి అరబ్బు లేత ఒంటె మీద వచ్చి దానిని దాటేశాడు. సహచరుల ముఖాలు వాడిపోయాయి. అది గమనించిన ఆయన, లోకంలో పైకి లేచిన ప్రతిదానినీ ఎప్పుడో ఒకప్పుడు కిందికి దించడం అల్లాహ్ విధానమని ఊరడించారు. ఓడినది ఆయన స్వంత ఒంటె, ఊరడించినదీ ఆయనే.

తండ్రి చాలాసేపు మౌనంగా ఉన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగి, “ఆరో స్థానం అన్నావు గదా, ఎంత టైములో వచ్చావు?” అని అడిగాడు. వారం రోజుల్లో ఆ ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న వేయలేదట. అమ్మాయి చెప్పింది. మండలంలో మొదటి స్థానం వచ్చిన రోజు కంటే జిల్లాలో ఆరో స్థానం వచ్చిన రోజే ఆమె రెండు సెకన్లు తక్కువ సమయంలో పరుగు ముగించింది. ఆ మాట విని తల్లి అన్నం గిన్నె ముందుకు జరిపింది.

కథ ముగించే సరికి బాగా రాత్రి అయింది. దొంగిలించిన బూట్ల సంగతి శిక్షకుడికి ఎలా తెలిసిందో, ఘోస్ట్ ఏం చేయవలసి వచ్చిందో అన్నీ చెప్పాము. చివరికి మొదటి పోటీ రోజు వచ్చింది. కుర్రవాడు గీత మీద నిలబడ్డాడు. తుపాకీ పేలింది. అప్పట్లో తండ్రి చేతిలో పేలిన చప్పుడే, ఇప్పుడు పరుగు మొదలుపెట్టమని చెప్పే చప్పుడు.

“తర్వాత?” అంది అమ్మాయి.

“అంతే. నవల అక్కడే అయిపోయింది.”

“ఎవరు గెలిచారు ఖాలా?”

రచయిత చెప్పలేదన్నాము. అమ్మాయి మమ్మల్ని అనుమానంగా చూసింది. పుస్తకం పూర్తిగా చదవకుండానే వచ్చి చెప్తున్నారా అని నిలదీసింది. తండ్రి నవ్వాడు. ఆ రాత్రి పత్తి గుట్ట పక్కన పరుపు వేసుకుని పడుకుంటే, లోపలి గదిలో స్టూలు జరిపిన చప్పుడు వినిపించింది. అటక ఎత్తుగా ఉంటుంది. లేచి సాయం చేద్దామా అనుకుని, కళ్లు మూసుకుని పడుకున్నాము.