ఖాతాలో తెలియని ఓటీటీ కోత: ఎంత పోయిందని కాదు, అనుమతి ఎవరిచ్చారో చూడాలి

నెల మొదటి వారంలో పాతబస్తీ బ్యాంకు బ్రాంచిల్లో పాస్‌బుక్ ప్రింటింగ్ మెషిన్ దగ్గర నిలబడేది ఎక్కువగా పెద్దవాళ్లే. సౌదీ నుంచి కొడుకు పంపిన డబ్బు పడిందా, పెన్షన్ జమయిందా, ఇంటి కిరాయి వచ్చిందా అని చూసుకోవడానికి వస్తారు. ఈమధ్య వాళ్ల పాస్‌బుక్కుల్లో కొత్త రకం పద్దులు కనిపిస్తున్నాయి. 149, 199, 299 రూపాయలు. పక్కన ఎప్పుడూ వినని కంపెనీ పేరు, దాని ముందూ వెనకా అర్థంకాని అక్షరాలు, అంకెలు. ఇంట్లో అడిగితే అందరిదీ ఒకటే మాట: "నాకు తెలియదు".

ఆ తర్వాత రెండు రకాలుగా జరుగుతుంది. చిన్న మొత్తమే కదా అని కొందరు వదిలేస్తారు. నెలకు 199 చొప్పున ఏడాదికి 2,388 రూపాయలు పోతాయి. ఇంకొందరు ఖాతా హ్యాక్ అయిందని కంగారుపడి, గూగుల్‌లో దొరికిన 'కస్టమర్ కేర్' నంబరుకు ఫోన్ చేస్తారు. ఆ నంబరు మోసగాడిదైతే 199 దగ్గర మొదలైన వ్యవహారం ఖాతా ఖాళీ అయ్యేదాకా వెళ్తుంది.

ఇలాంటి కోతల్లో చాలావరకు దొంగతనాలు కావు. ఇంట్లో ఎవరో, ఎప్పుడో, తెలిసో తెలియకో ఇచ్చిన అనుమతే వాటికి మూలం. అన్నీ అలాంటివే అనుకున్నా పొరపాటే. అనుమతి ఉన్న కోతకు ఒక దారి, అనుమతి లేని కోతకు ఇంకో దారి ఉన్నాయి. ఏది ఏదో తేల్చుకోకుండా పరిగెత్తితే రెండు దారులూ మూసుకుపోతాయి.

పేరు ఎందుకు గుర్తుపట్టలేం?

పత్తర్‌గట్టీలో బోర్డు మీద ఒక పేరు, బిల్లు మీద మరో పేరు ఉన్న షాపులు మనకు కొత్త కాదు. ఓటీటీల్లోనూ అంతే. ఫోన్‌లో కనిపించేది బ్రాండ్ పేరు, డబ్బు తీసుకునేది కంపెనీ పేరు. 'ఆహా' వెనక ఉన్నది అర్హా మీడియా అండ్ బ్రాడ్‌కాస్టింగ్. 'సోనీ లివ్' కంపెనీ పేరు 2022 నుంచి కల్వర్ మ్యాక్స్ ఎంటర్‌టైన్‌మెంట్. 'హాట్‌స్టార్'ను ఏళ్ల తరబడి నడిపింది నోవీ డిజిటల్ ఎంటర్‌టైన్‌మెంట్. పైగా 2025 ఫిబ్రవరి 14న జియో సినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసిపోయి 'జియో హాట్‌స్టార్' అయ్యాయి. పాత పేరుతో తీసుకున్న చందా కొత్త పేరుతో కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది.

దానికి తోడు మధ్యలో డబ్బు చేరవేసే సంస్థలు ఉంటాయి. రేజర్‌పే, బిల్‌డెస్క్, పేయూ లాంటి పేర్లు కనిపిస్తే డబ్బు తిన్నది వాళ్లని కాదు. డబ్బు ఆ గేటు గుండా వెళ్లిందని అర్థం. గూగుల్ ప్లే ద్వారా చందా కడితే స్టేట్‌మెంట్‌లో గూగుల్ పేరే రావచ్చు. లోపల అది సినిమాల యాప్ కావచ్చు, పిల్లల గేమ్ కావచ్చు, ఖురాన్ తిలావత్ యాప్ కావచ్చు.

డబ్బు ఏ దారిన పోయిందో ముందున్న అక్షరాలు చెబుతాయి. 'యూపీఐ' అని ఉండి పక్కన 'మ్యాండేట్' లేదా 'ఆటోపే' అని ఉంటే ఫోన్‌లోని పేమెంట్ యాప్ ద్వారా ఇచ్చిన అనుమతి. 'ఎస్ఐ' అంటే స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్, అంటే బ్యాంకుకు ముందే ఇచ్చిపెట్టిన ఆదేశం. 'ఏసీహెచ్' అని ఉంటే చాలాసార్లు అది లోన్ కిస్తీనో, ఇన్సూరెన్సో అయివుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. తెలియని కోత ప్రతిదీ ఓటీటీది కాదు. ఏటా మే చివర్లో 436 రూపాయలు పోతే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 20 రూపాయలు పోతే సురక్షా బీమా అయివుండే అవకాశం ఎక్కువ. ఒకటి ప్రాణానికి, రెండోది ప్రమాదానికి 2 లక్షల రూపాయల బీమా. కోపంతో వాటిని ఆపించేస్తే నష్టపోయేది కుటుంబమే.

ఒక్క రూపాయికి ఇచ్చిన మాట

చాలా చందాలు ఒక్క రూపాయితోనో, 'ఏడు రోజులు ఫ్రీ' అన్న మాటతోనో మొదలవుతాయి. రంజాన్‌లో అజాన్ వేళల కోసం ఒక యాప్, సెలవుల్లో పిల్లలకు కార్టూన్లు, ఐపీఎల్ సీజన్‌లో క్రికెట్. ఆ క్షణంలో స్క్రీన్ మీద పెద్దగా కనిపించేది ఒక్క రూపాయి. కింద చిన్న అక్షరాల్లో 'ఇంత మొత్తం వరకు', 'ప్రతి నెలా', 'ఫలానా తేదీ దాకా' అని ఉంటుంది. యూపీఐ పిన్ కొట్టినప్పుడు మనం సరే అన్నది ఆ రూపాయికి ఒక్కదానికే కాదు, కింద రాసిన షరతు మొత్తానికి.

యాప్ డిలీట్ చేస్తే కోత ఆగుతుందనుకోవడం ఇంకో పెద్ద అపోహ. ఆగదు. ఫోన్‌లోంచి పోయేది బొమ్మ మాత్రమే. బ్యాంకుకు ఇచ్చిన ఆదేశం అక్కడే ఉంటుంది.

నియమం ఉంది, కానీ మెసేజ్ ఎవరికి వెళ్తోంది?

దీనికి రిజర్వ్ బ్యాంకు గట్టి నియమాలే పెట్టింది. 2019 ఆగస్టు 21న కార్డుల మీద పదే పదే జరిగే చెల్లింపులకు ఈ-మ్యాండేట్ విధానం తెచ్చింది. 2020 జనవరిలో యూపీఐని కూడా అందులో చేర్చింది. పాత పద్ధతిని వదిలేందుకు కంపెనీలకు, బ్యాంకులకు ఇచ్చిన గడువు 2021 సెప్టెంబర్ 30తో ముగిసింది. మొదటిసారి ఓటీపీతోనో పిన్‌తోనో అనుమతి తప్పనిసరి. ఆ తర్వాత ప్రతిసారీ అడగకుండా కోసుకునే పరిమితి మొదట 2,000 రూపాయలు. 2022 జూన్‌లో దాన్ని 15,000కు పెంచారు. అంటే ఓటీటీ చందాలు దాదాపు అన్నీ మళ్లీ పిన్ అడగకుండా పోయే కోవలోనివే.

దానికి బదులుగా ఖాతాదారుకు ఒక రక్షణ ఇచ్చారు. డబ్బు కోయడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం ఇవ్వాలి. ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నవి అందులో ఉండాలి. ఆ ఒక్క కోతను గానీ, మొత్తం మ్యాండేట్‌ను గానీ రద్దు చేసుకునే వీలు ఉండాలి. ఈ సదుపాయానికి ఖాతాదారు నుంచి రుసుము తీసుకోకూడదు. ఆ సమాచారం స్పష్టంగా, అర్థమయ్యే రూపంలో ఉండాలని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది.

కాగితం మీద ఇది మంచి నియమం. అయితే ఖాతా ఉన్నవాడు, ఫోన్ పట్టుకున్నవాడు, బటన్ నొక్కినవాడు ఒకరే అన్న లెక్క మీద ఇది నడుస్తుంది. పాతబస్తీ ఇళ్లలో ఆ ముగ్గురూ వేరు.

యాకుత్‌పురాలో ఒక ఉమ్మడి కుటుంబాన్ని ఊహించుకోండి. ఖాతా అబ్బాది. దానికి లింకైన సిమ్ పెద్దకొడుకు రియాద్ వెళ్తూ తీసుకుపోయాడు. లేదంటే సిమ్ ఇంట్లోనే ఉన్నా ఫోన్ ఇంటర్ చదివే మనవడి చేతిలో ఉంటుంది. కిరాణా షాపులో స్కాన్ చేయడానికి అందరికీ పిన్ తెలుసు. యాప్ నొక్కింది మనవడు. 24 గంటల ముందు మెసేజ్ వచ్చింది, అదీ ఇంగ్లీషులో, ఆఫర్ల మెసేజ్‌ల మధ్య. చదవాల్సిన అబ్బా దాన్ని చూడనే లేదు. చూసిన మనవడు పట్టించుకోలేదు. నియమం ప్రకారం అంతా సరిగ్గానే జరిగింది. డబ్బు మాత్రం యజమానికి తెలియకుండానే పోయింది.

ఉర్దూ 2017లోనే తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది. 'అర్థమయ్యే రూపం' అన్న మాటకు విలువ ఉండాలంటే కోతకు ముందు వచ్చే మెసేజ్ తెలుగులోనో ఉర్దూలోనో ఎంచుకునే వీలు బ్యాంకులు ఇవ్వాలి. ఇది దయ చూపమని అడగడం కాదు, రిజర్వ్ బ్యాంకు రాసిన మాటను అమలు చేయమనడమే.

కాలర్ ట్యూన్ల కాలం గుర్తుందా?

ఈ బాధ కొత్తదేమీ కాదు. ప్రీపెయిడ్ ఫోన్ల రోజుల్లో అడగని కాలర్ ట్యూన్‌కు, జోకులకు, క్రికెట్ స్కోర్లకు బ్యాలెన్స్ కట్ అయ్యేది. ఫిర్యాదులు పెరిగాక 2013 జూలైలో ట్రాయ్ కల్పించుకుంది. అలాంటి సేవ మొదలుపెట్టాలంటే కస్టమర్ రెండుసార్లు ధ్రువీకరించాలని ఆదేశించింది. వాటిని ఆపడానికి 155223 నంబరు ఉంది. జనం గట్టిగా అడిగారు కాబట్టే ఆ మార్పు వచ్చింది.

ఇప్పటి చందాల విషయంలోనూ చట్టం ఒక అడుగు వేసింది. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 'డార్క్ ప్యాటర్న్స్' మార్గదర్శకాలు ప్రకటించింది. కస్టమర్‌ను మాయచేసే 13 రకాల పద్ధతులను అందులో గుర్తించింది. వాటిలో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' ఒకటి. చేరడం తేలికగా, మానుకోవడం కష్టంగా పెట్టడం, రద్దు బటన్‌ను దాచేయడం దాని కిందికి వస్తాయి. ఇస్లామీ ఫిఖ్‌లోనూ లావాదేవీకి ఇరువైపులా రజామందీ ఉండాలి. దాచిపెట్టిన షరతుకు దొరికిన సమ్మతిని రజామందీ అని ఎలా అంటారన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

ఏ వరసలో కదలాలి?

ముందు ఇంట్లో అడగాలి, అదీ తిట్టకుండా. తిడతారన్న భయం ఉంటే పిల్లలు "తెలియదు" అనే అంటారు. స్టేట్‌మెంట్‌లోని తేదీ, మొత్తం చూపించి, ఆ రోజుల్లో ఏ యాప్ పెట్టుకున్నారో నెమ్మదిగా కనుక్కోవాలి.

తర్వాత అనుమతుల చిట్టా చూడాలి. ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, భీమ్ లాంటి యాప్‌లలో 'ఆటోపే' లేదా 'మ్యాండేట్స్' అన్న చోట బతికున్న అనుమతులు కనిపిస్తాయి. గూగుల్ ప్లేలో ప్రొఫైల్ నొక్కి 'సబ్‌స్క్రిప్షన్స్'లోకి వెళ్లాలి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో పేరు నొక్కితే అదే మాట కనిపిస్తుంది. కార్డు మీద ఇచ్చిన వాటి వివరాలు బ్యాంకును అడగాలి. చందాను యాప్‌లో రద్దు చేయాలి, మ్యాండేట్‌ను పేమెంట్ యాప్‌లోనో బ్యాంకులోనో రద్దు చేయాలి. రెండూ చేస్తేనే పని పూర్తయినట్టు.

పోయిన డబ్బు సంగతికొస్తే, గూగుల్ ప్లే ద్వారా కట్టినది 48 గంటల్లోపు అడిగితే వాపసు దొరికే అవకాశం ఉంటుంది. మిగతా వాటిలో ఆ కంపెనీ షరతులను బట్టి ఉంటుంది. కంపెనీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఇంట్లో ఎవరూ నొక్కలేదని, చిట్టాలో ఎక్కడా లేదని తేలితే అప్పుడు అది వేరే వ్యవహారం. ఇక ఆలస్యం చేయకూడదు. 2017 జూలై 6 నాటి రిజర్వ్ బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా బయటివాళ్ల వల్ల నష్టం జరిగితే, సమాచారం అందిన 3 పని దినాల్లోపు బ్యాంకుకు చెప్పినవారిపై భారం సున్నా. 4 నుంచి 7 రోజులైతే మామూలు పొదుపు ఖాతాదారు గరిష్ఠంగా 10,000 రూపాయల వరకు భరించాల్సి రావచ్చు. ఫిర్యాదు అందాక 10 పని దినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో చూపించాలి. బ్యాంకుతో పాటు 1930కు కూడా ఫోన్ చేయాలి. బ్యాంకు 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. దానికి సంబంధించిన సమాచారం 14448లో దొరుకుతుంది.

అయితే పిన్ ఇంట్లోవాళ్లకు చెప్పి, వాళ్లు నొక్కిన చందాను 'ఫ్రాడ్' అని రాసిస్తే ఈ రక్షణ పనిచేయదు. పిన్ పంచుకోవడం ఖాతాదారు నిర్లక్ష్యం కిందికే వస్తుంది. అందుకే ముందు ఇంట్లో అడగమనేది. అలాగని అడగడానికే రోజులు గడిపేస్తే ఆ 3 రోజులూ దాటిపోతాయి. ఒక సాయంత్రం చాలు.

నంబరు మాత్రం గూగుల్‌లో వెతకొద్దు. కార్డు వెనకో, పాస్‌బుక్ మీదో ఉన్న నంబరుకే చేయాలి. డబ్బు వాపసు రావడానికి పిన్ కొట్టాలని ఎవరన్నా చెబితే అక్కడే ఫోన్ పెట్టేయాలి. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు.

అబ్బా ఖాతాలో ఉన్నది చాలా ఇళ్లలో ఆయన ఒక్కడి డబ్బు కాదు. కొడుకు ఎడారి ఎండలో సంపాదించింది, కూతురి పెళ్లికి దాచింది, ఇంటిల్లిపాదికీ చెందిన అమానత్. నెలకోసారి, జుమా నమాజ్ తర్వాత ఓ పావుగంట, పిల్లల్లో ఒకరు స్టేట్‌మెంట్ తెరిచి ఒక్కో లైను చదివి అబ్బాకు, అమ్మీకి చెబితే చాలు. ఈ నియమాలన్నీ ఆ ఇంటికి కూడా పనికొస్తాయి.