రేకు ఇల్లు కొనే ముందు

లారీ మీద తెచ్చి ఒక్క రోజులో దింపే పోర్టబుల్ ఇళ్ల వీడియోలు మన గ్రూపుల్లో బాగా తిరుగుతున్నాయి. సిమెంటు, కూలి రేట్లు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. నా మాట ఒక్కటే: దాన్ని కాపలా గదిగా కొనండి, ఇల్లు అనుకొని కొనకండి.

లెక్క చూడండి. 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గది అంటే 160 చదరపు అడుగులు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో వంటచోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 269 చదరపు అడుగులు ఉండాలి. ఆ 1,20,000 రూపాయలు కూడా కట్టడం లేచిన కొద్దీ విడతలుగానే వస్తాయి.

పైగా మన చంద్రపూర్ ఎండ మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. రేకు గోడల మధ్య పిల్లలు, ముసలివాళ్లు ఎట్ల పడుకుంటరు?

కాపలా సంగతి వేరు. మద్ది చెట్ల మీద దసలి పురుగులను పిట్టల నుంచి, చీమల నుంచి కాపాడాలంటే నెల రోజులు అక్కడే ఉండాలి. పులులు తిరిగే జిల్లా మనది, గట్టి తలుపు అవసరమే. పక్కపక్క చెట్ల వాళ్లు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే భారం తగ్గుతుంది. అటవీ భూమి అయితే ముందు అనుమతి అడగండి.

ఇంటికని దాచిన డబ్బు మాత్రం ఇంటికే పెట్టండి.