అదే రైలు, జెండా లేకుండా

మా ఇంట్లో రెండు వారాలుగా ఒకటే రగడ. వచ్చే ఏడాది ఇటలీ పోదామని అందరికీ ఆశే. హోసూరు చిన్నాయన వాళ్ళు, కోయంబత్తూరు అత్తమ్మ వాళ్ళు, మేము, మొత్తం తొమ్మిది మందిమి. "భాష రాని దేశంలో రైళ్ళ తిప్పలు మనకెందుకమ్మా, టూరు వాళ్ళకి డబ్బు కట్టేస్తే పోలా" అంటారు చిన్నాయన. పెద్దల మాట కాదనడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్కటి మాత్రం కాదంటున్నా. మీ ఇళ్ళలోనూ ఇదే వాదన నడుస్తూ ఉంటుంది, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మేం చూడాలనుకునేది చింక్వె తెర్రె. సముద్రం ఒడ్డున కొండ వాలుకి అతుక్కున్న అయిదు ఊళ్ళు: మొంతెరొస్సో, వెర్నాజా, కొర్నీలియా, మనరోలా, రియొమజ్జోరె. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, ఆ మెట్ల పొలాల్లో ద్రాక్ష పండించుకున్న జనం వాళ్ళు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది.

టూరు కాగితాల్లో పెద్దక్షరాల్లో రాయని సంగతి ఒకటుంది. పెద్ద బస్సులు ఆ ఊళ్ళ నడిమికి పోలేవు. బస్సుని లా స్పెత్సియాలోనో ఇంకెక్కడో ఆపి, మిమ్మల్ని రైలో పడవో ఎక్కిస్తారు. అంటే మీరు భయపడుతున్న ఆ రైలే! తేడా ఒక్కటే, ముందు ఒకరు జెండా పట్టుకుని నడుస్తారు. ఆ జెండాకే మనం డబ్బు కట్టేది.

ఆ రైలు ఎంత కష్టమో చూద్దాం. లా స్పెత్సియా ఒక కొస, లెవాంతో ఇంకో కొస, మధ్యలో అయిదు ఊళ్ళూ వరసగా. ఊరికీ ఊరికీ మధ్య రైల్లో అయిదు నిమిషాలు కూడా పట్టదు. వేసవిలో గంటకి రెండు మూడు బళ్ళు. రైలూ కాలిబాటలూ కలిపి ఒకే కార్డు దొరుకుతుంది, రోజంతా ఎన్నిసార్లైనా ఎక్కి దిగొచ్చు. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు స్టేషన్లో మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, మరిచిపోతే జరిమానా. ఇంతే చదువు. తాతల కాలం నుంచి తమిళం, కన్నడం బోర్డుల కింద బస్సులెక్కి బతికిన వాళ్ళం మనం. హోసూరు బస్టాండులో మూడు భాషల్లో బేరమాడే చిన్నాయన, అయిదు స్టేషన్ల లైనులో తప్పిపోతారా?

"వయసైన వాళ్ళకి టూరే మేలు" అంటారు. నేను ఒప్పుకోను. మా పెద్దమ్మ టూరులోనే పోయొచ్చింది. ఒక్కో ఊళ్ళో గంట. అందులో సగం బాత్రూం క్యూలోనే. మోకాలు నొప్పని మెట్టు మీద కూర్చుంటే "త్వరగా, త్వరగా". ఇటలీ ఎలా ఉందే పెద్దమ్మా అని అడిగితే, "ముందు పోయేవాళ్ళ వీపులు చూసొచ్చా" అంది. అందరం నవ్వాం. ఇప్పుడామె మెట్లెక్కలేదు. ఆమె చూసిన ఇటలీ ఇక అంతే.

సొంతంగా పోతే అలిసినప్పుడు కూర్చుంటాం, ఒక రైలు పోతే తర్వాతది ఎక్కుతాం. కొర్నీలియా స్టేషన్ నుంచి ఊళ్ళోకి 382 మెట్లున్నాయి. మొక్కుకున్న వాళ్ళు ఎక్కండి, తక్కినవాళ్ళకి చిన్న బస్సుంది. రెండేళ్ళ కిందట మేమిద్దరం అలాగే తిరిగాం. పగలంతా ఇసకేస్తే రాలని జనం. సాయంత్రం గుంపులు వెళ్ళిపోయాక, మనరోలాలో ముసలివాళ్ళు కుర్చీలు బయట వేసుకున్నారు. ఆ ఊరు టూరు వాళ్ళకి ఎప్పటికీ కనపడదు, అప్పటికి వాళ్ళు బస్సులో ఉంటారు.

తిండి భయమా? ఫరినాతా అని ఒకటి దొరుకుతుంది, శనగపిండీ ఆలివ్ నూనే కలిపి కాల్చిన అట్టు. ఫొకాచ్చా రొట్టె ఉంది. "అచ్చూగె" అన్న మాట కనిపిస్తే మాత్రం అది చేప, శాకాహారులు జాగ్రత్త.

అన్నీ సుఖమే అని చెప్పను. రైలు సమ్మెలుంటాయి, మామూలుగా ముందే చెప్తారు, చూసుకోవాలి. రద్దీలో జేబుదొంగలుంటారు. వీసా కాగితాలకి ఏజెంటు కావాలంటే పెట్టుకోండి, తప్పులేదు. చక్రాల కుర్చీ అవసరమైన వాళ్ళుంటే అది వేరే లెక్క. ఆ మెట్ల ఊళ్ళు వాళ్ళకి టూరులోనూ కష్టమే.

చిన్నాయనా, నా మాట ఇదీ. లెవాంతోలో మూడు రాత్రులు గదులు తీసుకుందాం. టికెట్లు నేను చూసుకుంటా, దారి మీరు అడగండి. రైలు తప్పిపోతే తిట్లు నాకే. ఇంటికొచ్చాక మాత్రం వీపుల కథ చెప్పొద్దు మనం.