జ్వరమొచ్చిన బిడ్డ మిమ్మల్ని గుర్తుపడుతోందా?

వానలు మొదలయ్యాయంటే ఇంటింటా జలుబు, దగ్గు, జ్వరం తప్పవు. వాటిలో కొన్ని ఇన్‌ఫ్లూయెంజా వైరస్ వల్ల వచ్చేవే. చాలామంది పిల్లలు వారం రోజుల్లో కోలుకుంటారు. కనుక తల్లిదండ్రులను భయపెట్టడం మా ఉద్దేశం కాదు. అయితే అరుదుగా ఈ జ్వరం ప్రభావం మెదడుపై పడుతుంది. అప్పుడు ప్రతి గంటా విలువైనదే.

మెదడుకు సంబంధించిన లక్షణాల్లో ఎక్కువగా కనిపించేవి ఫిట్స్. 6 నెలల నుండి 5 ఏళ్ల లోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ సాధారణంగా కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం వల్ల ప్రయోజనం లేదు. గాలి సోకిందనుకుని ఆలస్యం చేయవద్దు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి. త్వరగా ఆగినా వైద్యునికి చూపించండి.

ఇంతకన్నా ప్రమాదకరమైనవి మెదడుకు సోకే తీవ్ర రుగ్మతలు. వాటిలో ఒకదానిని 1995లో జపాన్ వైద్యులు ప్రత్యేక వ్యాధిగా వివరించారు. అందులో మెదడు లోపల ఇరువైపులా ఉండే థాలమస్ దెబ్బతింటుంది. వైరస్‌పై శరీరం చేసే పోరాటమే హద్దు మీరి ఈ హాని చేస్తుందని వైద్యుల అభిప్రాయం. జ్వరం మొదలైన రెండు మూడు రోజుల్లోనే పరిస్థితి విషమించవచ్చు.

అందుకే థర్మామీటరుతో పాటు బిడ్డ తెలివినీ గమనించండి. కన్నవారిని గుర్తుపట్టకపోవడం, పొంతన లేని మాటలు, లేపినా లేవని మగత, ఆగని వాంతులు, నడకలో తూలడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మరొక జాగ్రత్త కూడా అవసరం. గుండె జబ్బు కోసం పెద్దలు వాడే ఆస్పిరిన్‌ను పిల్లల జ్వరానికి ఇవ్వకండి. ఫ్లూ, ఆటలమ్మ సోకిన పిల్లల్లో అది కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేస్ సిండ్రోమ్‌కు దారితీయవచ్చు. అమెరికాలో 1980లో ఇటువంటి కేసులు 555 నమోదయ్యాయి. ఆస్పిరిన్ ఇవ్వవద్దని తల్లిదండ్రులను హెచ్చరించిన తరువాత అవి తగ్గుతూ వచ్చి, 1994 నుండి 1997 వరకు ఏటా రెండుకు మించలేదు. ఒక మాట ఇంటింటికీ చేరడం వల్ల ఎందరో బిడ్డలు దక్కారు.

6 నెలలు నిండిన పిల్లలకు ఏటా ఫ్లూ టీకా వేయించే విషయం మీ వైద్యునితో మాట్లాడండి. పెద్దల మాత్రల డబ్బాను ఈ రోజే పిల్లల మందులకు దూరంగా పెట్టండి.