రాగిరేకుపై నిలిచిన మంటపం

గంగా యమునల సంగమస్థానంలో అక్బరు చక్రవర్తి 1583లో కట్టించ నారంభించిన అలహాబాదు కోట నేటికీ నిలిచి ఉన్నది. కాని అందులో యమున వైపు గోడపై వెలసిన ‘చాలీస్ సుతూన్’, అనగా నలుబది స్తంభాల మంటపం, ఈనాడు లేదు. దాని రూపాన్ని మన కనులకు కట్టేది 1795లో వెలువడిన ఒక ముద్రాచిత్రం.

ఆ చిత్రాన్ని రూపొందించినవారు థామస్ డేనియల్, ఆయన సోదరుని కుమారుడు విలియం డేనియల్. వీరు 1786లో కలకత్తా చేరి, దేశమంతటా పర్యటించి, 1794లో స్వదేశానికి మరలిపోయారు. 1795 నుండి 1808 వరకు వెలువడిన వీరి ‘ఓరియంటల్ సీనరీ’లో 144 చిత్రాలున్నవి. అలహాబాదు మంటపం వాటిలో ఒకటి. వీరు కెమెరా అబ్‌స్క్యూరా అనే సాధనాన్ని వాడేవారు. కటకం గుండా వచ్చే ప్రతిబింబం కాగితంపై పడుతుంది. దాని వెంట గీత గీయాలి. అందువలననే వారి చిత్రాలలో కొలతల పొందిక కనబడుతుంది.

ముద్రించిన విధానం మావంటి ఇంజనీర్లకు మరింత ఆసక్తికరమైనది. దాని పేరు ఆక్వాటింట్. రాగిరేకుపై మెత్తని గుగ్గిలపు పొడి చల్లి, వేడిచేసి అంటింపజేస్తారు. తరువాత రేకును ఆమ్లంలో ముంచితే, రేణువుల నడుమ ఉన్న రాగి మాత్రమే తినబడుతుంది. తెల్లగా ఉండవలసిన చోట ముందుగానే వార్నిష్ పూస్తారు. ఆమ్లం ఎక్కువసేపు తగిలిన భాగం ముదురుగాను, తక్కువసేపు తగిలిన భాగం లేతగాను అచ్చుపడుతుంది. రేకుపై బొమ్మను కుడియెడమలు తారుమారు చేసి చెక్కాలి. క్షణాలు లెక్కించి రేకును వెలికి తీయాలి. ఒకసారి తినబడిన రాగి తిరిగి రాదు.

ఈ అలహాబాదుకూ మన తెలుగువారికీ ఒక సంబంధమున్నది. 1765 ఆగస్టులో షా ఆలం చక్రవర్తి ఇచ్చటనే బెంగాలు దివానీతోపాటు ఉత్తర సర్కారులను కూడా కంపెనీకి ధారాదత్తం చేశాడు. రాజమహేంద్రవరం, ఏలూరు ప్రాంతాల భవితవ్యం యమునాతీరంలో నిర్ణయమైనది! 1798 ఒప్పందంతో కోట కూడా కంపెనీ వశమైంది. సైనికావసరాల కొరకు దానిలో మార్పులు జరిగాయి. నలుబది స్తంభాల మంటపం కనుమరుగైంది. కోట నేటికీ సైన్యం అధీనంలోనే ఉన్నది.

కట్టడాలను కూల్చివలసిన అవసరం ఎప్పుడూ ఉంటుంది; దానిని మేము కాదనము. మన కర్మాగారాలలో కూడా కాలం చెల్లిన పొగగొట్టాలు, పంపుగృహాలు, తొలితరం షెడ్లు తొలగించబడుతూనే ఉంటాయి. కాని గ్యాస్ కట్టరు చేతబట్టే ముందు ఒక పూట వెచ్చించి కొలతలు తీయించడం, నాలుగు వైపులా ఫొటోలు తీయించడం, పాత బ్లూప్రింట్లను చెత్తకుప్పకు చేరనీయకపోవడం ఎవరి శక్తికీ మించినవి కావు. అచ్చట పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలను పిలిచి ఆ ఫొటోల వెనుక పేర్లు, సంవత్సరాలు వ్రాయించగలిగితే మరింత మేలు.

రాతి మంటపం పోయింది, కాగితం మిగిలింది. ఆ కాగితమైనా మిగిలినది, ఇద్దరు మనుషులు సకాలంలో నదీతీరాన కూర్చుని గీసినందువలననే.