పన్నుకు తెలిసిన తేడా లైసెన్సుకు తెలియదు

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు మోటార్ సైకిళ్ల మధ్య ఒక గీత గీశారు. ఇంజిన్ 350 సీసీ లోపుంటే 18 శాతం పన్ను, మించితే 40 శాతం. థర్డ్ పార్టీ బీమాలో ఆ గీత అంతకుముందే ఉంది. కేంద్ర రవాణా శాఖ 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకు ఉన్న బండికి ఏడాది ప్రీమియం 714 రూపాయలు. 350 సీసీ దాటితే 2,804 రూపాయలు. పెద్ద బండితో ప్రమాదం ఎక్కువని లెక్కగట్టిన ఆ శాఖే లైసెన్సు దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి పట్టించుకోలేదు. మోటారు వాహనాల చట్టం 10వ సెక్షన్‌కు తెలిసిన మోటార్ సైకిళ్లు రెండే రకాలు: గేర్లున్నవి, లేనివి. పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాడు ఆర్టీఏ గ్రౌండులో నాన్న 100 సీసీ బండి మీద ఎయిట్ వేసి చూపిస్తే చాలు, అదే కార్డుతో 200 హార్స్ పవర్ బండిని రోడ్డెక్కించవచ్చు. చట్టం అడ్డు చెప్పదు.

ఆ రెండు బళ్లకూ పోలికే లేదు. నాన్న బండి శక్తి ఎనిమిది హార్స్ పవర్, బరువు 110 కిలోలకు అటూఇటుగా ఉంటుంది. సుజుకి హయబుసా 1,340 సీసీ ఇంజిన్‌తో సుమారు 190 హార్స్ పవర్ ఇస్తుంది, 266 కిలోలు తూగుతుంది. ఈ తరగతి బళ్లు ఆగి ఉన్న చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి మూడు సెకన్లు, నలభై మీటర్ల రోడ్డు సరిపోతాయి. 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ మోటార్ సైకిళ్లకు పట్టణాల్లో 60, డివైడరున్న నాలుగు వరుసల రోడ్ల మీద 80 కిలోమీటర్ల పరిమితి పెట్టింది. రెండో గేరు వేయకముందే ఈ బళ్లు ఆ రెండు పరిమితులనూ దాటిపోగలవు.

నడిపేవాడి నైపుణ్యం మీద ఎన్ని మాటలైనా చెప్పుకోవచ్చు. అసలు చిక్కు ఎదుటివాడి కళ్లలో ఉంది. హైదరాబాద్-విజయవాడ హైవే మీద పక్క ఊరి పెద్దాయన ఒకరు పాత స్కూటర్‌తో డివైడర్ సందు దగ్గర ఆగారనుకుందాం. 150 మీటర్ల దూరంలో ఒక బైకు వస్తోంది. మనందరం రోజూ వేసుకునే లెక్కే ఆయనా వేసుకుంటారు: దాటేయవచ్చు. ఆ బైకు 60 మీద వస్తుంటే ఆయనకు తొమ్మిది సెకన్లుంటాయి. 120 మీద వస్తుంటే నాలుగున్నరే. ముందు నుంచి చూసినప్పుడు మోటార్ సైకిల్ సన్నగా ఒక గీతలా కనిపిస్తుంది గనుక దాని వేగాన్ని కంటితో అంచనా వేయడం ఎవరికైనా కష్టమే. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 మోటార్ సైకిల్ ప్రమాదాలను అక్కడికక్కడే పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. మరో వాహనం కూడా ఉన్న ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆ వాహనం బైకుకు దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయని తేల్చింది. బైకర్లు ఈ నివేదికను తమకు అనుకూలంగా చెప్పుకుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. ఎదుటివాళ్లు పొరబడతారని తెలిసీ వాళ్లు తేరుకునే వ్యవధి ఇవ్వని వేగంతో వెళ్లడం వాళ్ల ప్రాణాలనూ పందెం కాయడమే. ఆ స్కూటర్ పెద్దాయన ఈ పందేనికి ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఇక మన రోడ్లు. 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దాటాక నటుడు సాయి ధరమ్ తేజ్ నడుపుతున్న ట్రయంఫ్ బండి రోడ్డు మీది ఇసుకలో జారింది. హెల్మెట్ ఉండబట్టి బతికారు. నెలకు పైగా ఆస్పత్రిలో ఉన్నారు. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు, రంగు వెలిసిన స్పీడ్ బ్రేకర్లు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు మనకు కొత్త కాదు. 125 సీసీ దాటిన బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అది మంచి నిర్ణయం. కానీ ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందే తప్ప ఇసుక మీద లేని పట్టును పుట్టించలేదు. మంచి రోడ్డు మీద కూడా 60 వేగంతో వెళ్లే బండి ఆగడానికి సుమారు 37 మీటర్లు కావాలి. 120కి ఆ దూరం 110 మీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం మూడింతలవుతుంది.

చనిపోతున్నవాళ్లలో ఎక్కువమంది చిన్న బళ్ల వాళ్లే కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారు. హెల్మెట్ లేక పోయినవాళ్లే 50,029 మంది. హెల్మెట్ అమలును గట్టిగా చేయాల్సిందే. అయితే మన రోడ్ల మీద చిన్న బళ్లు కోట్లలో ఉంటే పెద్దవి చాలా తక్కువ. ఒక్కో బండి లెక్కన చూడాలి. అమెరికాలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2007లో అలాగే చూస్తే, సూపర్ స్పోర్ట్ బళ్లు నడిపేవారి మరణాల రేటు మిగతా మోటార్ సైకిళ్ల కన్నా దాదాపు నాలుగు రెట్లు ఉంది. మాజీ క్రికెటర్ అజారుద్దీన్ కుమారుడు పంతొమ్మిదేళ్లకే 2011లో హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద 1,000 సీసీ బండి ప్రమాదంలో పోయాడు. వెనక కూర్చున్న బంధువుల కుర్రాడూ దక్కలేదు. 2023 మేలో డెహ్రాడూన్‌కు చెందిన ఒక యూట్యూబర్ 300 కిలోమీటర్ల వేగం అందుకోబోయి యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద ప్రాణం పోగొట్టుకున్నాడు.

ఐరోపా సమాఖ్యలో 2013 జనవరి నుంచి లైసెన్సు మెట్లు మెట్లుగా వస్తోంది. మొదటి మెట్టులో 125 సీసీ, 11 కిలోవాట్లు. రెండో మెట్టుకు పద్దెనిమిదేళ్లు నిండాలి. అక్కడ హద్దు 35 కిలోవాట్లు, అంటే దాదాపు 47 హార్స్ పవర్. దాని మీద రెండేళ్లు గడిచాకే పెద్ద బండి. నేరుగా పెద్ద బండి కావాలంటే ఇరవై నాలుగేళ్లు రావాలి. సింగపూర్‌లో 200, 400 సీసీల దగ్గర మెట్లున్నాయి. మనం ఐరోపా దారిలోనే వెళ్లాలి, సీసీని కాక శక్తిని కొలవాలి. 349 సీసీ బుల్లెట్ శక్తి ఇరవై హార్స్ పవర్ అయితే, 249 సీసీ కేటీఎం డ్యూక్‌ది దాదాపు ముప్పై ఒకటి. సీసీ గీత గీస్తే ఆ రెండూ ఒకే పక్కన పడతాయి.

రాయదుర్గం టీ-హబ్ రోడ్డులోనో విశాఖ బీచ్ రోడ్డులోనో వారాంతపు రాత్రుల్లో పోలీసులు బళ్లు పట్టుకోవడం అవసరమే. కానీ రేసింగ్‌కు తొలిసారి 5,000 రూపాయల జరిమానా, లక్షల బండి కొన్నవాడిని ఆపలేదు. వేగం సరదా నిజంగా ఉన్నవాళ్లకు చెన్నై దగ్గర, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి. అక్కడ ఎదురుగా స్కూటర్ రాదు.

మెట్ల లైసెన్సు వస్తే అమలుకు కొత్త సిబ్బందే దిక్కు కానక్కర్లేదు. యజమానే నడుపుతూ ప్రమాదానికి గురైతే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా అందడానికి, నడిపే బండికి చెల్లే లైసెన్సు ఉండాలన్న షరతు ఇప్పటికే ఉంది. అన్ని గేరు బళ్లకూ ఒకే లైసెన్సు కాబట్టి పెద్ద బండి విషయంలో ఆ షరతు ఎవరినీ ఆపడం లేదు. తరగతులు ఏర్పడితే షోరూమూ అప్పిచ్చే బ్యాంకూ తాళం చేతికివ్వకముందే లైసెన్సు చూపించమంటాయి. తండ్రి పేరున కొని కొడుకు నడిపితే, తగిన లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన యజమానిని బాధ్యుణ్ని చేసే మోటారు వాహనాల చట్టం 5వ సెక్షన్ ఆ తండ్రికి వర్తిస్తుంది.